బొగ్గు వ్యాగన్ మీద ఆమ్లెట్

మా చంద్రపూర్‌కి గొప్పలు మూడు. కోట గోడ, పులుల అడవి, ఎండ. కోట రాజులది, అడవి పులులది. ఎండ మాత్రం ఎవరి పేరు మీదా లేదు కాబట్టి చాలా ఏళ్ల కిందటే దాన్ని నా పేరు మీద రాయించుకున్నాను. మంచిర్యాల నుంచి చుట్టాలొచ్చి, "మా దగ్గర ఎండలు మండిపోతున్నయి" అని తువ్వాలతో మెడ తుడుచుకుంటే నాకు జాలేస్తుంది. "బావా, మీదీ ఒక ఎండేనా? పిల్లలు ఆడుకునే ఎండ గది" అంటాను.

బజారులో నాది ఇనుప సామాను దుకాణం. పెనాలు, బకెట్లు, గొలుసులు, మేకులు. కొనేవాళ్ల కంటే వినేవాళ్లే ఎక్కువ వస్తారు. ఎండాకాలం మొదలైతే ఎవరో ఒకరు స్టూలు లాక్కుని కూర్చుని, "సేట్, మాజ్రి ముచ్చట చెప్పు" అంటారు.

మాజ్రి ముచ్చట ఇది. వయసులో ఉండగా సరుకు కోసం వరోరా పోతూ మాజ్రి జంక్షన్‌లో దిగిపోయాను. తర్వాతి బండి రాదు, ఆకలి ఆగదు. పక్క పట్టాల మీద బొగ్గు నింపిన వ్యాగన్లు, నడినెత్తిన మే నెల సూర్యుడు. సంచిలో గుడ్డుంది. వ్యాగన్ ఇనుప అంచు మీద కొట్టి పోశాను. చుయ్‌మంది. ఆమ్లెట్! మొదట్లో అది ఒక్క గుడ్డే. తర్వాత నాలుగయ్యాయి. ఒక ఏడాది ఉల్లిపాయ వచ్చి చేరింది. ఇంకో ఏడాది గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని వచ్చి సగం అడిగాడు. ఈమధ్య డ్రైవర్ కూడా దిగుతున్నాడు. ఇందులో మాజ్రి నిజం, వ్యాగన్లు నిజం, ఆకలి నిజం. మిగిలినదంతా దుకాణంలో తయారైన సరుకు.

ఇది కథ అని వినేవాళ్లందరికీ తెలుసని నా నమ్మకం. ఒక్క మనిషికి తెలియదన్న సంగతి నేను పట్టించుకోలేదు. ఆ మనిషి నా కూతురు.

ఆమె ఏడో తరగతి, మరాఠీ బడి. లెక్కల్లో దిట్ట. ఈ తెలివి ఎవరి వైపు నుంచి వచ్చిందని ఇంట్లో ఎవరూ అడగరు, అందరికీ తెలుసు కాబట్టి. ఆ బడిలో లెక్కలూ సైన్సూ చెప్పే పంతులమ్మను పిల్లలు బాయి అంటారు. విసాపూర్ నుంచి స్కూటీ మీద వచ్చే చిన్న వయసు పిల్ల. ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. శనివారం లెక్కల పీరియడ్, సైన్స్ పీరియడ్ కలిపేస్తుంది. పిల్లల్లో ఒకరు ఇంట్లో పెద్దవాళ్లు అన్న మాట ఒకటి తెచ్చి బోర్డు మీద రాయాలి. అది నిజమా కాదా అని వాదించుకోకూడదు. దేన్ని కొలిస్తే తెలుస్తుందో, ఎంత వస్తే నిజమో ముందే తేల్చుకోవాలి. తర్వాత కొలవాలి. నెగ్గినా ఓడినా ఆ మాటా, దాని కింద వచ్చిన అంకెనూ వెనక గోడ మీద రంగు సుద్దతో రాస్తారు. ఏడాదంతా చెరపరు.

మూత పెడితే పప్పు తొందరగా ఉడుకుతుందని ఒకడి అమ్మ అన్న మాట ఆ గోడ మీద ఉంది. నెగ్గింది. తడి గుడ్డ చుడితే కుండలో నీళ్లు ఇంకా చల్లబడతాయని మా అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల వాళ్ల నానమ్మ అంది. అదీ నెగ్గింది. ఆ నానమ్మ బడికి వచ్చి గోడ మీద తన మాట చూసుకుని, చదవడం రాకపోయినా చేత్తో తడిమి వెళ్లిందట. మా అమ్మాయి ఆ రోజు ఇంటికొచ్చి ఆ సంగతి రెండుసార్లు చెప్పింది.

ఆ తరగతిలో మా అమ్మాయికి ఒక పని ఉంది. థర్మామీటర్ చదివేది ఆమె. సన్నటి గాజు కడ్డీ మీదికి ముప్పై తలకాయలు వంగలేవు కదా. ఒకరే చూసి చెప్పాలి, మిగతావాళ్లు విని రాసుకోవాలి. రెండోసారి ఎవరూ చూడరు. ఆ పని ఎవరికివ్వాలని బాయి అడిగితే తరగతంతా ఈమె పేరే చెప్పిందట. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు, దుకాణంలో నా గల్లాపెట్టె ముందు నేను కూర్చునే పద్ధతిలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

మార్చి చివర్లో ఒక సాయంత్రం అన్నం దగ్గర అంది. "బాపూ, వచ్చే శనారం నువ్వు మా బడికి రావాలె."

"నేనేం తప్పు చేసిన్నే?"

"తప్పు కాదు. నీ ఆమ్లెట్ ముచ్చట బోర్డు మీద రాసిన. బాయి మంచిగుంది అన్నది. పోయిన శనారం గుడ్డు తెల్లసొన గాజు గొట్టంల పోసి నీళ్లల్ల కాగబెట్టినం. అరవై రెండు డిగ్రీలు దాటినంక తెల్లగైంది. గట్టిపడాలంటే అరవై ఐదన్న ఉండాలె అని తేల్చినం. ఇగ ఎండల పెనం గంత ఎక్కుతదా లేదా చూసుడే."

పొయ్యి దగ్గర మా ఆవిడ గరిటె ఆపేసింది. "అయిపాయె. ఏమయ్యా, గిప్పుడన్న నోరు ఇప్పి చెప్పరాదు? పిల్ల నలుగుట్ల తలకాయ దించుకుంటది."

"ఏం చెప్పాలె?"

"ఏం చెప్పాల్నో నీకు ఎరుకలేదా?"

అమ్మాయి నా వైపు చూసింది. "నిజమే గద బాపూ?"

అక్కడ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నా లోపల ఇంకోడు అప్పటికే ఇస్త్రీ చొక్కా వెతుక్కుంటున్నాడు. బడి నన్ను లోపలికి పిలవడం అదే మొదటిసారి. నా చదువు రోజుల్లో బయటికి పంపడమే గానీ లోపలికి రమ్మన్న పంతులు లేడు. "మరి? నీతోని అబద్ధం ఆడ్తనా?" అన్నాను. మా ఆవిడ గరిటెతో గిన్నె అంచు మీద ఒక్క దెబ్బ కొట్టింది. అది నా నెత్తి మీద పడాల్సిందని ఇద్దరికీ తెలుసు.

శనివారం పొద్దున దుకాణంలో ఉన్న వాటిలోకెల్లా నల్లటి పెనం ఏరుకున్నాను. నలుపైతే వేడి బాగా పడుతుందని ఆశ. సంచిలో గుడ్లు. తరగతిలోకి అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి, "నమస్తే కాకా" అన్నారు. వెనక గోడ చూశాను. రంగురంగుల సుద్దతో ఇంటింటి మాటలు. కింది వరసలో కొంచెం ఖాళీ స్థలం. మా అమ్మాయి అప్పటికే అక్కడ పసుపు సుద్ద పెట్టి ఉంచింది.

తరగతిలో మాటలన్నీ మరాఠీలో జరిగాయి. మన మాటలో రాస్తున్నాను.

"భావూ, ముందు మీ మాట మీరే చెప్పండి" అంది బాయి. భావూ అంటే అన్నా అని.

చెప్పాను. అలాంటి సభ నాకెప్పుడు దొరికింది! గార్డు వచ్చాడు, జెండా ఊపాడు, డ్రైవర్ ఇంజిన్ దిగి ఉప్పు తక్కువైందన్నాడు. పిల్లలు బల్లలు చరిచారు. మా అమ్మాయి నవ్వలేదు. నేనన్న ప్రతి మాటకూ తల ఊపుతూ చుట్టూ చూస్తోంది, చూశారా అన్నట్టు. డ్రైవర్ ఉప్పు మాట ఆమె ఎప్పుడూ వినలేదు. అయినా తల ఊపింది.

చివరన బాయి ఒక్కటే అడిగింది. "గుడ్డు ఎంతసేపట్లో గట్టిపడింది?"

"చిటికె వేసేంతలో బాయీ."

ఆమె అదీ బోర్డు మీద రాసింది.

తర్వాత అందరం డాబా మీదికి ఎక్కాం. గనిలో పనిచేసే ఒకాయన కొడుకు డబ్బాలో బొగ్గు పెళ్లలు తెచ్చాడు. వ్యాగన్ లేకపోయినా బొగ్గు ఉండాలని వాడి పట్టుదల. ఆ పెళ్లల మీద పెనం పెట్టి, నెత్తిన పుస్తకాలు నీడగా పెట్టుకుని ఎదురుచూశాం. చెప్పుల్లోంచి అరికాళ్లు కాలుతున్నాయి. మన ఎండ మన పరువు నిలబెడుతుందిలే అనుకున్నాను. బాయి మాత్రం, "గుడ్డు తినే వస్తువు. పారేయడానికి లేదు. అరవై ఐదు దాటితేనే పగలగొడదాం" అంది.

థర్మామీటర్ గుండు పెనానికి అంటుకుని ఉండేలా చిన్న గోధుమపిండి ముద్దతో అదిమారు. ఎర్రగీత పాకడం మొదలుపెట్టింది. అందరూ గీత గీసినట్టు వెనక్కి జరిగి నిలబడ్డారు, మా అమ్మాయి ఒక్కతే మోకాళ్ల మీద కూర్చుని వంగింది. సాక్షిని కదా, నన్ను ఆమె పక్కనే నిలబెట్టారు. నేనూ వంగాను. నా కళ్లకు చత్వారం ఇంకా రాలేదు. ఎర్రగీత యాభై రెండు దగ్గర ఆగింది. మేము చూస్తూనే ఉన్నాం, అది ఇక కదల్లేదు.

"ఎంత?" అంది బాయి.

మా అమ్మాయి తలెత్తింది. రెప్ప వేయకుండా, ముఖంలో ఏమీ లేకుండా, "అరవై ఎనిమిది" అంది.

ఆ చూపు నాకు తెలుసు. ముచ్చటలో బలం లేని చోటు వచ్చినప్పుడు, స్టూలు మీద కూర్చున్నవాడు అడ్డుతగలకుండా నేను చూసే చూపు అది. పన్నెండేళ్ల పిల్లకు దాన్ని ఎవరూ నేర్పలేదు. గల్లాపెట్టె పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది.

పిల్లలు కేకలు వేశారు. పెన్సిళ్లు గరగరలాడాయి, ముప్పై పుస్తకాల్లో అరవై ఎనిమిది. గని కార్మికుడి కొడుకు తన బొగ్గు వల్లే అని గంతులేశాడు. "కాకా, గుడ్డు! గుడ్డు!" గుడ్డు పగలగొట్టి పోశాను.

చుయ్ అనలేదు. ఏమీ అనలేదు. పెనం మధ్యలో నీళ్లలా జారి, పచ్చసొన కన్ను తెరిచినట్టు ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది. చిటికె వేసేంత గడిచింది. వంద చిటికెలు గడిచాయి. ఎవడో వెనక నుంచి, "కాకా, గార్డును పిలవమంటారా?" అన్నాడు. డాబా అంతా నవ్వు.

బాయి నవ్వలేదు. "నవ్వడం తర్వాత. అంకె అరవై ఎనిమిది వచ్చింది. గుడ్డేమో పచ్చిగా ఉంది. రెండూ ఒకేసారి నిజం కాలేవు. తప్పెక్కడ?"

ఒకమ్మాయి మళ్లీ కొలుద్దామంది. "చల్లటి గుడ్డు పోశాం కదా, పెనం ఇప్పుడు ముందటిలా లేదు" అంది బాయి. ఆ ఎర్రగీత ఎక్కడ ఆగిందో చూసిన కళ్లు రెండు జతలే మిగిలాయి. ఒకడు థర్మామీటర్ పాడైంది అన్నాడు. ఇంకొకడు ఇది వేరే జాతి గుడ్డు అన్నాడు. అప్పుడు మా అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల, ఆ తడిగుడ్డ నానమ్మ మనవరాలు, మెల్లగా అంది. "అయితే మనమే పోయినవారం తప్పు కొలిచాం. అరవై ఐదు అని రాసింది తప్పు. చెరిపేద్దాం." అందరూ తలలూపారు. ఈమె చదివిన అంకె తప్పు కావచ్చన్న ఆలోచన ఆ ముప్పై తలల్లో ఒక్కదానికీ రాలేదు. తాము చేతులు కాల్చుకుని కనిపెట్టిన నిజాన్ని చెరపడానికి ఒకడు రబ్బరు కూడా తీశాడు.

మా అమ్మాయి థర్మామీటర్‌ను రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తోంది.

ఇక ఊరుకోలేకపోయాను. అయినా ఏం చేశానో చూడండి. నిజం చెప్పాలని నోరు తెరిస్తే అందులోంచి ఇంకో ముచ్చట వచ్చింది. "బాయీ, మీ లెక్క సరైనదే. తప్పు నాది. అమ్మాయి చదివేటప్పుడు చూసుకోకుండా గుండు మీద వేలు పెట్టాను. నా వేలి వేడికి గీత ఎక్కిపోయింది."

బిడ్డను కాపాడేశానని ఒక్క క్షణం ఛాతీ కూడా పొంగింది. ముందు వరసలో జడకు తెల్ల రిబ్బను కట్టుకున్న ఒక చిన్నపిల్ల నుదురు ముడిచి ఆలోచించి, చెయ్యెత్తింది.

"కాకా, మీకు జ్వరమా?"

"లేదు బిడ్డా."

"అయితే మీ వేలు ముప్పై ఏడు ఉంటుంది. పెనం దాని కన్నా వేడి. మీరు వేలు పెడితే గీత దిగాలి. ఎక్కడమేంటి?"

మొదట ఎవరూ నవ్వలేదు. లెక్క చూసుకున్నారు. తర్వాత ఒక్కసారిగా నవ్వారు, చెడ్డగా కాదు, లెక్క కుదిరినప్పుడు పిల్లలు నవ్వే నవ్వు. నాకు చెవుల నుంచి మెడ దాకా మంట పాకింది. ఇరవై ఏళ్లుగా పెద్దపెద్దవాళ్ల ముందు నిలబడ్డ నోరు, జడ రిబ్బను ముందు మూతపడింది. అబద్ధం దొరికినందుకు కాదు. మంచికోసం ఆడిన అబద్ధానికి కూడా నాకు సరైన లెక్క రాలేదే అని.

"నేనే" అంది మా అమ్మాయి. మళ్లీ అంది. "నేనే తప్పు చెప్పాను. యాభై రెండు ఉంది. బాపు వేలు పెట్టలేదు."

బాయి ఆమె దగ్గరికి వచ్చి, నెమ్మదిగా అడిగింది. "కనబడలేదా?"

"కనబడింది."

"మరి ఎందుకు?"

"ఉడికింది అని బాపు చెప్పాడు కదా."

అంతే అంది. ఆ మాట ఇప్పటికీ నాలో ఎక్కడో గుచ్చుకుని ఉంది, తీద్దామంటే చేతికి దొరకదు. అబద్ధం ఆడానన్న భావన కూడా కాదు ఆమెది. బాపు చెప్పాడు, ఎర్రగీత ఇంకోటి చెప్పింది, రెండింట్లో ఆమె బాపును ఎంచుకుంది. గాజు కడ్డీకున్న పాటి నిజాయితీ నాకూ ఉందనుకుంది.

బాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెయ్యి చాపింది. మా అమ్మాయి థర్మామీటర్ ఇచ్చేసింది. బాయి దాన్ని తెల్ల రిబ్బను పిల్లకిచ్చి, "ఇక కొన్నాళ్లు నువ్వు చదువు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "భావూ, ఆ పెనం తీసుకెళ్లండి. కింద కుళాయి ఉంది" అంది.

కుళాయి దగ్గర కూర్చుని పెనం కడిగాను. గుడ్డు అంచులు కొంచెం ఎండి అంటుకున్నాయి, గోటితో గీకాల్సి వచ్చింది. కిటికీలోంచి తరగతి కనబడుతోంది. పసుపు సుద్దతో గోడ మీద నా మాట రాస్తున్నారు. కింద యాభై రెండు. రాస్తున్నది మా అమ్మాయే. ఎవరు తెచ్చిన మాట వాళ్లే రాయాలని అక్కడి పద్ధతి.

స్కూటర్ మీద వెనక కూర్చుని పెనం ఒళ్లో పెట్టుకుంది. గేటు దాటాం, బజారు దాటాం. అద్దంలో చూద్దామంటే ధైర్యం లేదు. రైలు గేటు పడి ఉంది. బొగ్గు బండి పోతోంది, తెగని బండి. స్కూటర్ ఆపేశాను.

"బాపూ" అంది వెనక నుంచి. "మాజ్రిల నువ్వు ఏం తిన్నవ్?"

"ఆమ్లెటే."

"ఏడ జేసిండ్రు?"

"స్టేషన్ బయట బండోని దగ్గర. స్టవ్ మీద. వ్యాగన్లు ఎదురుంగ ఉండె. గా ఇనుము చూసుకుంట తిన్న. దీని మీద పోస్తే ఉడుకుతది గదా అనుకున్న."

"అనుకున్నవా? అంతేనా?"

"అంతే."

వ్యాగన్లు పోతూనే ఉన్నాయి. "మంచిగుండెనా మరి?"

"ఉప్పెక్కువైంది."

"గిది చెప్తే ఏమైతుండె?" అంది. కోపంగా అడిగితే ఏదో ఒకటి అల్లేవాణ్ని. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. గేటు లేచింది.

ఇంట్లో మా ఆవిడ తలుపు తీసి మా ఇద్దరి ముఖాలు చూసింది. పెనం అందుకుని లోపలికి పోయింది. ఆ రాత్రి దాని మీదే రొట్టెలు చేసింది.

దుకాణానికి మనుషులు వస్తూనే ఉన్నారు. "సేట్, మాజ్రి ముచ్చట" అంటారు. చెప్పబోతాను. బడి నుంచి వచ్చి మా అమ్మాయి గల్లాపెట్టె పక్కన లెక్కలు చేసుకుంటుంటే నోరు ఎక్కడికక్కడ ఆగుతుంది. ఆమె తలెత్తదు. పెన్సిల్ మాత్రం ఆపుతుంది. అప్పుడు నేను, "ముచ్చటే గని, నిజం గాదు, వినుండ్రి" అని మొదలుపెడతాను. పెన్సిల్ మళ్లీ కదులుతుంది. వినేవాళ్లకు ఏమీ తేడా లేదు, అలాగే నవ్వుతారు. ఆ రెండు మాటలకు ఇన్నేళ్లుగా నేనెందుకంత పిసినారితనం చేశానో తెలియదు. థర్మామీటర్ ఇంకా తెల్ల రిబ్బను పిల్ల దగ్గరే ఉంది. మళ్లీ ఎప్పుడిస్తారని నేనడగలేదు.

ఇది తెలుగులో రాసుకోవడానికి కారణం, మా అమ్మాయికి తెలుగు మాటే గానీ అక్షరం రాదు. మా నాయన పట్టుబట్టి నన్ను కొన్నేళ్లు ఆదిలాబాద్ వైపు చదివించాడు గనుక నాకు వచ్చింది. ఆమెకు నేర్పే పట్టుదల నాకు లేకపోయింది. ఆమె చదవలేదు కదా అన్న ధైర్యంతోనే కాగితం ముందు కూర్చున్నాను. కానీ నిన్న వచ్చి పక్కన నిలబడి, "ఏం రాస్తున్నవ్ బాపూ? చదువు" అంది.

చదివాను. ఎర్రగీత దగ్గర ఆమె నన్ను ఆపింది. నేను అక్కడ నలభై ఐదు అని రాశాను. సిగ్గుపడేటప్పుడు పూర్తిగా సిగ్గుపడాలని, పెనాన్ని ఇంకొంచెం చల్లార్చాను.

"నలభై ఐదు కాదు బాపూ. యాభై రెండు."

ఆమె చూస్తుండగానే కొట్టేసి, దిద్దాను.